అరవై గజాల అవతల

2025 నవంబరు 2న లాస్ వేగస్‌లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ జట్టు కిక్కర్ క్యామ్ లిటిల్ 68 గజాల దూరం నుంచి బంతిని గోల్ పోస్టుల మధ్యకు కొట్టాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అంత దూరపు ఫీల్డ్ గోల్ అంతకుముందు లేదు. మనకు అలవాటైన కొలతలో చెప్పుకుంటే, అంతర్జాతీయ క్రికెట్‌లో పిచ్ మధ్య నుంచి బౌండరీ తాడు కనీసం 65 గజాల దూరంలో ఉండాలి. నేల మీద నిలిపిన బంతిని ఆ తాడు దాటేలా తన్నడమే కష్టం. ఇక్కడ దాన్ని పది అడుగుల ఎత్తున్న క్రాస్‌బార్ మీదుగా, పద్దెనిమిదిన్నర అడుగుల వెడల్పున్న సందులోంచి పంపాలి. ఆ రోజు జాగ్వార్స్ ఓవర్‌టైమ్‌లో 30-29తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. మొదటి సగం చివర్లో వచ్చిన ఆ మూడు పాయింట్లు లేకపోతే ఫలితం ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. లాభం ఇంత స్పష్టంగా కనిపించాక దూరపు కిక్కుల మంచిచెడ్డల మీద ఇంకా తర్జనభర్జన ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క ఆటను పక్కన పెట్టి చూస్తే, విషయం అంత తేలిగ్గా తేలేది కాదు.

అమీర్‌పేటలో ఉండి దీని గురించి రాయడానికి కారణం ఉంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో జావా, ఒరాకిల్, శాప్ నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లలో చాలామంది డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఉన్నది ఫ్రిస్కోలోనే. అక్కడ పెరిగే పిల్లలకు క్రికెట్ నాన్న చూసే ఆట, ఫుట్‌బాల్ బళ్లో అందరూ మాట్లాడుకునే ఆట. అక్కడ ఆదివారం మధ్యాహ్నం మొదలయ్యే మ్యాచ్ ఇక్కడివాళ్లకు రాత్రి బాగా పొద్దుపోయాక గానీ రాదు. అయినా పంజాగుట్ట, అమీర్‌పేట సందుల్లోని హాస్టళ్లలో ఫోన్‌లో దాన్ని చూసేవాళ్లున్నారు. రేపు తాము ఉండబోయే ఊరి ఆట అది.

ఆ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ కథ ఈ పేటకు మరీ దగ్గరగా ఉంటుంది. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం తరఫున సాకర్ ఆడి, 2017లో టొరంటో ఎఫ్‌సీకి ఎంపికై, అక్కడ నిలదొక్కుకోలేక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా ఉద్యోగంలో చేరాడు. ఇంట్లో టీవీలో మ్యాచ్ చూస్తుంటే, ఆ పని నువ్వూ చేయగలవని భార్య అందట. ఉద్యోగం చేసుకుంటూనే సాధన మొదలుపెట్టి, యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌లో రెండు సీజన్లు ఆడి, 2023లో కౌబాయ్స్‌లోకి వచ్చాడు. వచ్చీరాగానే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 2024లో బాల్టిమోర్ మీద 65 గజాలది కొట్టాడు. 2025 సెప్టెంబరు 14న న్యూయార్క్ జెయింట్స్ మీద సమయం పూర్తిగా అయిపోతున్న క్షణంలో 64 గజాలది కొట్టి 37-37గా సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో 46 గజాలది కొట్టి గెలిపించాడు. మెకానికల్, సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి మారడానికి అమీర్‌పేట వచ్చే కుర్రాళ్లకు ఈ ఎదురుదారి ప్రయాణం ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆట తెలియనివారికి కాస్త వివరణ అవసరం. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి. మూడు అయిపోయి నాలుగోది మిగిలినప్పుడు కోచ్ ముందు మూడు దారులు: మిగిలిన గజాల కోసం మళ్లీ ప్రయత్నించడం, పంట్ చేసి బంతిని ప్రత్యర్థి గోల్ దగ్గరికి తరిమేయడం, లేదా ఫీల్డ్ గోల్. బంతితో గోల్ లైన్ దాటే టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు, ఫీల్డ్ గోల్‌కు మూడు. కిక్ దూరాన్ని ఆట ఆగిన గీత నుంచి లెక్కించరు. పోస్టులు గోల్ లైన్‌కు పది గజాల వెనక ఉంటాయి, బంతిని నిలబెట్టేది గీతకు ఏడెనిమిది గజాల ఇవతల. అంటే ప్రత్యర్థి 48వ గజం గీత దగ్గర ఆగితే కిక్ 65 గజాలు. స్నాపర్ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి విసరాలి, హోల్డర్ అందుకుని, కుట్లు పోస్టుల వైపు ఉండేలా తిప్పి, ఒక్క వేలితో నిలబెట్టాలి, కిక్కర్ పరుగెత్తుకొచ్చి కొట్టాలి. ఈ ముగ్గురి పనీ కలిపి సుమారు ఒకటింపావు సెకనులో అయిపోవాలి, లేదంటే ఎదుటివాడి చెయ్యి అడ్డం వస్తుంది.

దూరపు కిక్కుకు అనుకూలంగా చెప్పదగ్గ మొదటి మాట, అది తేరగా వచ్చింది కాదు. 1970 నవంబరు 8న న్యూ ఆర్లియన్స్‌లో టామ్ డెంప్సీ 63 గజాలు కొట్టి డెట్రాయిట్‌ను 19-17తో ఓడించాడు. పుట్టుకతోనే కుడిపాదానికి వేళ్లు లేని మనిషి అతను. ప్రత్యేకంగా చేయించుకున్న మొద్దుబూటుతో కొట్టాడు. 1977లో అలాంటి బూట్ల మీద లీగ్ నిబంధన తెచ్చింది. ఆ 63 గజాలను కొందరు సమం చేశారుగానీ దాటడానికి 43 ఏళ్లు పట్టింది. 2013 డిసెంబరులో డెన్వర్‌లో మ్యాట్ ప్రేటర్ 64 కొట్టాడు, 2021లో జస్టిన్ టక్కర్ 66. ఇప్పుడు 68. నలభైమూడేళ్లలో ఒక్క గజం పెరిగిన రికార్డు ఆ తర్వాతి పన్నెండేళ్లలో నాలుగు గజాలు పెరిగింది.

ఈ పెరుగుదలలో వలస వచ్చినవాళ్ల వాటా పెద్దది. పూర్వం బూటు ముందు భాగంతో తిన్నగా తన్నేవాళ్లు. హంగరీ నుంచి వచ్చిన పీట్ గోగొలాక్ 1964లో సాకర్ పద్ధతిలో పక్కనుంచి వచ్చి, మడమకూ వేళ్లకూ మధ్యనున్న ఎముకతో బంతిని తన్నాడు. స్కీయింగ్ స్కాలర్‌షిప్ మీద నార్వే నుంచి వచ్చిన యాన్ స్టెనెరూడ్ ఆ పద్ధతితోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. 1960లలో కొట్టిన ఫీల్డ్ గోల్స్‌లో సగానికి కాస్త పైన మాత్రమే లోపలికి వెళ్లేవి, ఇప్పుడు నూటికి ఎనభైకి పైగా వెళ్తున్నాయి. బంతిని కాలితో శాసించడం హైదరాబాద్‌కూ తెలిసిన విద్యే. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీసు ఫుట్‌బాల్ (సాకర్) జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఒక విద్యలో మనుషులు ఇంత దూరం వచ్చాక, మీరు మరీ బాగా కొడుతున్నారు కాబట్టి విలువ తగ్గిస్తామనడం న్యాయం కాదని కిక్కర్లు అంటే ఆ మాటను తోసిపుచ్చలేం.

రెండో మాట ఆట రక్తి గురించి. ముప్ఫై సెకన్లు మిగిలి ఉండగా రెండు పాయింట్లు వెనకబడిన జట్టుకు పూర్వం ఆశ ఉండేది కాదు. ఇప్పుడు ఇరవై గజాలు వెళ్తే చాలు, ఒక ప్రయత్నం మిగులుతుంది. చివరి క్షణం దాకా కుర్చీలోంచి లేవకుండా కూర్చోబెట్టే గుణం ఏ ఆటకైనా ఆస్తే.

ఇక రెండో వైపు. తప్పిన కిక్కు ఖరీదు స్కోరుబోర్డు మీద కనిపించదు, కాబట్టి దాన్ని తక్కువగా అంచనా వేస్తాం. 1994 నుంచి ఉన్న నిబంధన ప్రకారం కిక్ తప్పితే, కొట్టిన చోటు నుంచే ప్రత్యర్థికి బంతి దక్కుతుంది. 65 గజాల కిక్ తప్పితే, వాళ్లు మన గోల్ లైన్‌కు 45 గజాల దూరంలో ఆట మొదలుపెడతారు. మరో పది గజాలు వస్తే చాలు, వాళ్ల చేతిలోనే 52 గజాల ఫీల్డ్ గోల్ అవకాశం ఉంటుంది, ఈ రోజుల్లో దాన్ని ఎవరూ కష్టమైనదనరు. అదే చోటు నుంచి మంచి పంట్ కొడితే వాళ్లు తమ సొంత గోల్ దగ్గర, పదో పదిహేనో గజం దగ్గర ఇరుక్కునేవారు. పదిసార్లు ప్రయత్నిస్తే నాలుగు లోపలికి వెళ్తాయనుకుందాం. పన్నెండు పాయింట్లు మన ఖాతాలో కనిపిస్తాయి. మిగిలిన ఆరుసార్లు ప్రత్యర్థికి నలభై గజాల చొప్పున ఇచ్చిన కానుక ఎవరి ఖాతాలోనూ రాసి ఉండదు.

దూరం పెరిగేకొద్దీ బంతిని కిందుగా, వాలుగా కొట్టక తప్పదు. అప్పుడు ఎదుటివాళ్ల చేతులకు తగిలే ప్రమాదం పెరుగుతుంది. పోస్టుల దాకా చేరకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2021 సెప్టెంబరు 26 ఈ రెండు వైపులనూ ఒకే రోజున చూపించింది. డెట్రాయిట్‌లో టక్కర్ 66 గజాలు కొట్టి, క్రాస్‌బార్‌కు తగిలి అవతల పడిన బంతితో బాల్టిమోర్‌ను గెలిపించాడు. అదే రోజు జాక్సన్‌విల్‌లో అరిజోనా తరఫున మ్యాట్ ప్రేటర్ 68 గజాల నుంచి ప్రయత్నిస్తే బంతి చేరలేదు. గోల్ పోస్టుల కింద కాచుకుని ఉన్న జమాల్ ఆగ్న్యూ దాన్ని పట్టుకుని 109 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. కిక్ కొట్టేటప్పుడు మైదానంలో ఉండేది భారీకాయులే. వాళ్లు అలాంటి మనిషిని వెంటాడి పట్టుకోలేరు. కాలేజీ ఆటలో 2013 నవంబరు 30న ఆబర్న్ 57 గజాల తప్పిన కిక్కును అలాగే తిప్పికొట్టి అలబామాను 34-28తో ఓడించింది.

ఎంత దూరం నుంచి కొట్టగలడన్న ప్రశ్న, ఇప్పుడు కొట్టాలా అన్న ప్రశ్నను మింగేయడం ఇంకో నష్టం. 2022 సెప్టెంబరు 12న సియాటిల్‌లో డెన్వర్ ఒక పాయింటు వెనకబడి ఉంది. నాలుగో అవకాశంలో కావలసింది ఐదు గజాలు. బంతిని విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా రసెల్ విల్సన్ లాంటివాడు చేతిలో ఉన్నాడు, టైమ్‌అవుట్లు కూడా మిగిలి ఉన్నాయి. కోచ్ నథానియెల్ హ్యాకెట్ మాత్రం 64 గజాల కిక్కును ఎంచుకున్నాడు. తప్పింది. 17-16తో ఓడారు. కిక్కర్ బ్రాండన్ మెక్‌మానస్‌కు అంత దూరం కొట్టే సత్తా లేదని ఎవరూ అనలేరు. సత్తా ఉండబట్టే ఐదు గజాల తేలిక దారి కోచ్ కంటికి ఆనలేదేమో.

పంజాగుట్ట మెట్రో స్టేషన్ దగ్గర టీకొట్టు ముందు ఇద్దరు బంధువులు ఈ విషయం మీదే వాదించుకోవడం విన్నాను. ఒకతను డాలస్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, రెండోవాడు ఇక్కడే డేటా అనలిటిక్స్ చెబుతాడు. “బావా, నాలుగు సెకన్లే ఉన్నాయి. కొట్టక ఏం చేస్తారు చెప్పు?” అన్నాడు వచ్చినవాడు. “నాలుగు సెకన్లు ఉన్నప్పుడు కొట్టనీరా, ఎవడొద్దన్నాడు? నాలుగు నిమిషాలు ఉన్నప్పుడూ కొడుతున్నారు చూడు, నా పేచీ అక్కడే” అన్నాడు బావ. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. కానీ ఈ వివాదంలో నాకు ఆసరాగా కనిపించిన గీత ఆ గడియారమే. సగం ముగిసే క్షణంలోనో, ఆట ముగిసే క్షణంలోనో అయితే తప్పినా ప్రత్యర్థికి ఆ నలభై గజాలు వాడుకునే సమయం ఉండదు. ఆగ్న్యూ లాంటి పరుగు ఒక్కటే మిగిలే ప్రమాదం, అదీ అరుదు. క్యామ్ లిటిల్ 68 గజాలదీ, ఆబ్రీ 64 గజాలదీ అలాంటి క్షణాల్లో వచ్చినవే. అదే కిక్కును రెండో క్వార్టర్ నడుమ కొట్టడం పూర్తిగా వేరే పందెం.

ఇంతవరకూ కోచ్‌ల విజ్ఞతకు సంబంధించిన మాట. లీగ్ చేతిలో ఉన్నది నిబంధనల మాట, అది మరింత చిక్కు. 2025 నుంచి కిక్కులకు వాడే బంతులను జట్లకు ముందుగానే ఇస్తున్నారు. అంతకుముందు మ్యాచ్ రోజునే, ఆటకు ముందు కొద్దిసేపు మాత్రమే వాటిని తోముకునే వీలుండేది. కొత్త తోలు బిగువుగా, జారుడుగా ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఆరబెట్టి వాడితే మెత్తబడి, మొనలు కాస్త గుండ్రబడి, కాలికి అనువుగా తగులుతుంది. క్వార్టర్‌బ్యాక్‌లు తమ బంతులను చాలా ఏళ్లుగా ఇలాగే సిద్ధం చేసుకుంటున్నారు. కిక్కర్లకు మాత్రం ఆ హక్కు ఉండకూడదనడానికి కారణం కనిపించదు. అయినా దీని ప్రభావం దూరం మీద ఉంటుందని ఒప్పుకోవాలి.

దీనికి తోడు కిక్‌ఆఫ్ నిబంధన మారింది. తిరిగి పరుగెత్తే ఆటను ప్రోత్సహించడానికి, గాయాలు తగ్గించడానికి 2024లో కొత్త పద్ధతి తెచ్చి, 2025లో టచ్‌బ్యాక్ చోటును, అంటే కిక్‌ఆఫ్‌ను తిరిగి పరుగెత్తించనప్పుడు ఆట మొదలయ్యే చోటును, 35వ గజానికి జరిపారు. ఉద్దేశం మంచిదే. కానీ సొంత 35వ గజం దగ్గర మొదలుపెట్టిన జట్టు 22 గజాలు వెళ్తే 60 గజాల కిక్ దూరానికి చేరుతుంది. పాత 25వ గజం దగ్గర మొదలైనప్పుడు 32 గజాలు వెళ్లాల్సి వచ్చేది. కిక్‌ఆఫ్ గాయాల కోసం చేసిన మార్పు ఫీల్డ్ గోల్స్ ధరను తగ్గించిందన్నమాట. ముప్ఫై గజాల లోపే కదిలి మూడు పాయింట్లు తీసుకుపోతే, మైదానమంతా కాపాడిన డిఫెన్సుకు ఏం మిగిలిందని అడిగేవాళ్ల బాధ కూడా అర్థం చేసుకోదగ్గదే. పైకప్పు ఉన్న స్టేడియాలలో గాలి లేకపోవడం ఇంకో సౌకర్యం. టక్కర్, ఆబ్రీ, లిటిల్ ముగ్గురివీ అలాంటి చోట్ల వచ్చినవే. అయితే అంతా కప్పు చలవేనని కూడా అనలేం. ఛేజ్ మెక్‌లాఫ్లిన్ 2025 సెప్టెంబరులో టాంపాలో ఆరుబయటే 65 గజాలు కొట్టాడు.

దూరపు కిక్కులను అదుపు చేయడానికి రెండు పోస్టులను దగ్గరగా జరిపితే సరిపోతుందని కొందరంటారు. 2015లో ప్రో బౌల్ అనే ప్రదర్శన మ్యాచ్‌లో 14 అడుగుల సందుతో ప్రయోగం కూడా చేశారు, కానీ లీగ్ ఆటల్లోకి తేలేదు. ఈ సూచన చూడ్డానికి సులువుగా ఉంది. కానీ చరిత్ర దీనికి అంత అనుకూలంగా లేదు. ఫీల్డ్ గోల్స్ ఎక్కువయ్యాయని 1974లో పోస్టులను గోల్ లైన్ నుంచి పది గజాలు వెనక్కి నెట్టారు. 1994లో తప్పిన కిక్కు శిక్ష పెంచారు. 2015లో టచ్‌డౌన్ తర్వాతి అదనపు పాయింటు కిక్కును 33 గజాలకు మార్చారు. ప్రతిసారీ కొద్దికాలం కిక్కర్లు తడబడ్డారు, తర్వాత ఇంకా బలంగా తయారయ్యారు. అడ్డు పెంచినకొద్దీ జట్లు మరింత బలమైన కాలున్నవాణ్ని వెతుక్కుంటున్నాయి. పైగా పోస్టులు దగ్గరైతే ముందు దెబ్బతినేది 60 గజాల సాహసం కాదు, 40 గజాల మామూలు కిక్కు. అప్పుడు మూడు పాయింట్లకు ఆశ లేని జట్టు టచ్‌డౌన్‌కే తెగిస్తుందని ఈ సూచన చేసేవాళ్ల నమ్మకం. తెగించవచ్చు. భయపడి పంట్ కూడా చేయవచ్చు. ఏది జరుగుతుందో ముందే ఖాయంగా చెప్పలేం.

ఈ చర్చలో తరచు మరుగున పడే మనిషి కిక్కర్. 1991 జనవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ చివర 47 గజాల కిక్ కుడివైపుకు పోయినందుకు స్కాట్ నార్‌వుడ్ పేరు ఇప్పటికీ ఆ తప్పుతోనే వినిపిస్తుంది. బఫెలో 20-19తో ఓడింది. ఆ రోజుల్లో గడ్డి మైదానంలో ఆ దూరం కష్టమైనదే. ఇప్పుడు 47 అంటే తప్పకూడనిది, 57 అంటే కొట్టి తీరాల్సింది అయిపోయింది. రికార్డు ముందుకు జరిగిన ప్రతిసారీ ఆశల గీత కూడా జరుగుతుంది, మిగతా ముప్ఫైఒక్క జట్ల కిక్కర్లను కూడా ఆ గీతతోనే కొలుస్తారు. ఏడాదికి కొద్ది నిమిషాలు మాత్రమే మైదానంలో ఉండి, ఒక్క తప్పుకు ఉద్యోగం పోగొట్టుకునే పనిలో ఈ బరువు చిన్నది కాదు. ఆ బరువును తామే కోరుకుంటామని చాలామంది కిక్కర్లు అంటారు, దాన్నీ గౌరవించాలి.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే, పోస్టులను ముట్టుకోవడానికి ఇంకా సమయం రాలేదనే నా అభిప్రాయం. ఒకటి రెండు సీజన్ల అంకెలు చూసి, వందేళ్ల ఆట కొలతను మార్చకూడదు. సర్దాల్సి వస్తే ముందు టచ్‌బ్యాక్ చోటు వైపు చూడటం మేలు. దాన్ని ఇప్పటికే వరసగా రెండేళ్లు మార్చారు, మళ్లీ మార్చినా ఆట పునాది కదలదు. బంతుల సౌకర్యాన్ని వెనక్కి తీసుకోవడం నాకు నచ్చదు. అది చేతిపనిని శిక్షించడం. కోచ్‌ల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలనిపిస్తుంది. సగం చివర, ఆట చివర 65 అయినా కొట్టనీయండి, నడుమలో అయితే 58 దాటాక నాలుగో అవకాశంలో మిగిలిన గజాలెన్నో ముందు చూడండి. గాలి ఎదురుగా ఉన్నా, ఎదుటి జట్టులో ఆగ్న్యూ లాంటి పరుగువీరుడు ఉన్నా ఈ అంకెను ఇంకా తగ్గించుకోవాలి. ఇది ఎవరికీ పూర్తిగా నచ్చే సలహా కాదని తెలుసు. దూరపు కిక్కును ప్రేమించేవాళ్లకు పిరికితనంగా, దాన్ని ద్వేషించేవాళ్లకు మెతకగా కనిపించవచ్చు.

కుర్ర ఆటగాళ్ల సంగతి వేరు. ఫ్రిస్కో హైస్కూలు పిల్లవాడు టీవీలో చూసి 60 గజాలకు తెగబడితే తొడ కండరాలకు, నడుముకు వచ్చే ఇబ్బంది ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండదు. అక్కడి కోచ్‌లు దూరాన్ని నెమ్మదిగా, వయసును బట్టి పెంచడమే న్యాయం. ఇక హైదరాబాద్ పిల్లలకు ఈ ప్రశ్న ఇప్పట్లో ఎదురుకాకపోవచ్చు. 2011లో ప్రకటించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో మన జట్టు ఉండేది గానీ, ఆ లీగ్ వేళ్లూనుకోలేదు. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను కూడా 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి తీసుకుంది. ఐదుగురేసి ఆడే ఆ రూపంలో ఢీకొట్టుకోవడం లేదు, ఫీల్డ్ గోల్ కూడా లేదు. అమీర్‌పేట బళ్లలో ఎవరైనా ఈ ఆట మొదలుపెడితే ఆ రూపంలోనే మొదలుపెడతారు. అందులో నాలుగో అవకాశం మిగిలినప్పుడు కిక్కర్‌ను పిలిచే వీలుండదు, పిల్లలు మిగిలిన గజాల కోసమే ప్రయత్నించాలి.